నూనె లేని షాకబ్జర్లు

ఇది నా గుండెల మీద కూర్చుని నలభై ఏళ్ళు దాటింది. దించుకుందామని చాలాసార్లు అనుకున్నాను. ఎవరి ముందు దించను? తెలిసినవాళ్ళకు చెబితే రేపటి నుంచి వాళ్ళ మొహం చూడాలి. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. పేరు మాత్రం అడక్కండి.

ఎనభైల మొదట్లో పూతలపట్టు కూడలిలో నాకు మెకానిక్ షెడ్డు ఉండేది. మంచి పనివాణ్ణని పేరు. మనిషిని మాత్రం పొట్టివాణ్ణి, తల పెద్దది. చిన్నప్పటి నుంచీ ఎవరో ఒకరు నవ్వుతూనే ఉన్నారు. అలవాటైపోయిందనే అనుకునేవాణ్ణి.

పెళ్ళయిన కొత్తలో మా ఆవిడను తిరుపతి గంగజాతరకు తీసుకెళ్ళాను. అక్కడ మునిరత్నం అనే ఆయన నవ్వుల అద్దాల గది పెట్టాడు. ఒక అద్దంలో మనిషి తాటిచెట్టంత కనిపిస్తాడు, ఇంకోదాంట్లో గుమ్మడికాయలా కనిపిస్తాడు. మైకు పట్టుకుని వచ్చినవాళ్ళను ఆటపట్టించడం అతని వాడుక. నన్ను చూసి, "ఈయప్పకు అద్దమెందుకబ్బా, ఉత్తగా సూసినా ఇట్లనే ఉండాడు!" అన్నాడు. జనం విరగబడి నవ్వారు. నవ్వితే నవ్వనీ. మా ఆవిడ కూడా నవ్వింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలిపోయేలా నవ్వింది. నేనూ నవ్వాను. ఏం చేయను మరి?

మరుసటి ఏడు మామిడికాయల కాలంలో అదే మునిరత్నం నా షెడ్డుకు వచ్చాడు. పాత జీపు, దాని వెనక తగిలించిన ట్రైలరు. లారీ ఇరుసు మీద చెక్కతో, రేకుతో కట్టిన గది అది. సంసారం అందులోనే, అద్దాలూ అందులోనే. జాతర నుంచి జాతరకు తిరిగే ఇల్లు. బరువు మోసే స్ప్రింగు బద్దలు, అదే కమాను పట్టీలు తప్ప ఇంకేమీ లేకపోవడంతో గుంటలో పడితే బండి ఎగిరెగిరి పడుతోందని, ఇప్పటికే రెండు అద్దాలు పోయాయని, షాకబ్జర్లు వేసి పెట్టమని అడిగాడు. ఆ అద్దాలు చేసిన మద్రాసు ముసలాయన చనిపోయాడట. ఉన్నవి కాస్తా పోతే వేరే బతుకు లేదన్నాడు.

నన్ను గుర్తుపట్టలేదు. అది ఇంకా మండించింది. ఏడాదిగా నన్ను నిద్రపోనివ్వని మాట, అన్నవాడికి గుర్తే లేదు.

షాకబ్జర్ అంటే ఒక గొట్టం, లోపల నూనె. కమాను ఎగిరినప్పుడల్లా ఆ నూనె దాన్ని పట్టి నిదానంగా దించుతుంది. నూనె కారిపోతే మిగిలేది ఉత్త ఇనప గొట్టం. కడిగి రంగు వేస్తే పైకి తేడా తెలియదు. మంచి జత నా దగ్గర ఉంది. నేను పాత సామాన్ల గుట్టలోంచి నూనె కారిపోయిన జతను తీశాను. కిరసనాయిలుతో కడిగి, నల్లరంగు పూసి, బిగించాను. తప్పనిపించలేదా అని అడుగుతారేమో. లేదు. ఈల వేసుకుంటూ బిగించాను.

మునిరత్నం భార్య పొన్నమ్మ. గుడియాత్తం వైపు అరవ పిల్ల. వచ్చిన పూటే నన్ను అన్నా అని పిలిచింది. అద్దాలను బొంతల్లో చుట్టి తాళ్ళతో గోడకు కట్టడం ఆమె పని. పని అయ్యాక ఆమె గది మధ్యలో గ్లాసు నిండా నీళ్ళు పెట్టుకుని కూర్చుంది, అతను కొంతదూరం నడిపి చూశాడు. ఇలాంటిదేదో చేస్తారని తెలిసే, ట్రైలరు టైర్లలో సగం గాలి ముందే తీసేశాను. మెత్తటి టైర్ల మీద నీళ్ళు తొణకలేదు. మునిరత్నం నా రెండు చేతులూ పట్టుకున్నాడు. కుప్పం జాతరకు పోతున్నామని చెబితే, మొగిలి ఘాటు రోడ్డు ఎక్కాలి కదా అని నేనే టైర్లలో గాలి బిర్రుగా నింపి సాగనంపాను. మంచి జతను మరుసటి వారమే ఇంకో బండికి వేసేశాను.

మొగిలి ఘాటు దాటేలోపే అద్దాలన్నీ పోయాయి. కుప్పం పోయి ఏం చేస్తారు? బండి తిప్పుకుని నా దగ్గరికే వచ్చారు. కొట్లాటకు వచ్చాడేమోనని చేతికందేలా స్పానర్ పెట్టుకున్నాను. కాదు. నన్ను న్యాయం చెప్పమని వచ్చాడు.

"పని తెలిసినోడివి నువ్వే సెప్పప్పా. షాకబ్జర్లు వేస్తివి, గలాసులో నీళ్ళు గూడా తొణకలా. మరి అద్దాలెట్ల పోతాయి? ఇది సరిగ్గా కట్టలేదు, అంతే కదా?" అన్నాడు పెళ్ళాం వైపు చెయ్యి చూపిస్తూ.

పొన్నమ్మ అరచేతుల నిండా గాజు కోతలు. "నేను బాగానే కట్టినానన్నా. లోపలికొచ్చి నువ్వే సూడన్నా" అంది.

ఎక్కి చూశాను. అద్దాల చట్రాలన్నీ కట్టినచోటే ఉన్నాయి. ఒక్క ముడి జారలేదు. వేలు పెట్టినా దూరనంత బిగువు. కుదుపుకు లోపలి అద్దాలే ముక్కలయ్యాయి. మునిరత్నం కాస్త నిదానంగా చూసి ఉంటే అతనికీ తెలిసేది, కానీ అతను తాళ్ళ వైపు చూడటం లేదు, నా మొహం వైపే చూస్తున్నాడు. అద్దాలు పగలాలన్నది నా కోరిక, తీరింది. అక్కడితో ఆగి ఉండొచ్చు. ఎవరి తప్పూ కాదు, రోడ్డు అట్లాంటిదని ఒక్క మాట అంటే ఆమె బయటపడేది, నేనూ బయటపడేవాణ్ణి. ఎందుకు అనలేదు? భయమా? భయమని చెప్పుకుంటే బాగుండేది. నిజం ఏమిటంటే, ఆ క్షణంలో ఆమెలో నాకు జాతరలో కొంగు అడ్డం పెట్టుకుని నవ్విన ఆడమనిషి కనిపించింది. పొన్నమ్మ ఏనాడూ నన్ను చూసి నవ్వలేదు. అయినా సరే.

"బండిలో ఏం లోపం లేదప్పా. కట్టు వదులైనట్టుండాది" అన్నాను.

నా షెడ్డు ముందే ఆమెను కొట్టాడు. ఆమె నా వైపు చూసి "అన్నా" అంది, అంతే. నేను స్పానర్ తుడుచుకుంటూ నిలబడ్డాను. ఆ సాయంత్రమే ఆమెను గుడియాత్తం బస్సెక్కించి, మళ్ళీ రావద్దని చెప్పాడు. చంకలో ఒక మూట తప్ప ఇంకేమీ లేదు. బస్సు కదిలేదాకా చూశాను. నాకు సంతోషంగా ఉండింది. ఇది చెప్పడానికే నాకు ఇన్నేళ్ళు పట్టింది. ఆ పూట అన్నం బాగా తిన్నాను.

మునిరత్నం కొన్నాళ్ళు రేణిగుంట స్టేషన్లో మూటలు మోశాడని, తాగి తాగి పోయాడని తర్వాత విన్నాను. పొన్నమ్మ ఏమైందో తెలియదు. వెతకలేదు. గుడియాత్తం ఎంత దూరం? బస్సెక్కితే పూటలో పోయి రావచ్చు. పోలేదు. మా ఆవిడను ఒకసారి అడిగాను, ఆ అద్దాల గది గుర్తుందా అని. ఏ అద్దాల గది అంది.

క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించాల్సింది మీరు కాదు. చెప్పాక కాస్త ఊపిరి ఆడుతోంది, అది కూడా నాకు దక్కకూడదు, అయినా తీసుకుంటున్నాను. నన్ను అన్నిటికంటే ఎక్కువ తొలిచేది ఒకటుంది. పని తెలిసిన మెకానిక్కే చెప్పాడు కదా అని ఆమె కూడా నమ్మేసి ఉంటుంది. తన చేతులదే తప్పనుకుంటూ బతికి ఉంటుంది. కాదని ఈ లోకంలో ఇన్నాళ్ళూ నాకొక్కడికే తెలుసు. ఇప్పుడు మీకు తెలుసు. ఆమెకు తెలియదు.