హరుకో గారి రెండో ట్రే

2022లో నేను బహ్రెయిన్‌లోని సల్మాబాద్‌లో ఒక జాయినరీ వర్క్‌షాపులో పనిచేస్తున్నాను. జాయినరీ అంటే తలుపులు, అల్మారాలు, కౌంటర్లు లాంటి చెక్క సామాను తయారుచేసే పని. అంతకుముందు తొమ్మిదేళ్లు షట్టరింగ్ కార్పెంటర్‌ని. కాంక్రీటు పోయడానికి ప్లైవుడ్‌తో అచ్చులు కట్టడాన్ని షట్టరింగ్ అంటారు. కాంక్రీటు గట్టిపడగానే మనం కట్టిందంతా ఊడబీకి అవతల పడేస్తారు. జగిత్యాల వైపు వడ్ల ఇంట్లో, అంటే వడ్రంగుల ఇంట్లో పుట్టి, మా నాయన దగ్గర ఉలి పట్టడం నేర్చుకుని, తొమ్మిదేళ్లు ఊడబీకే పనే చేశాను. అందుకని జాయినరీలోకి మారాక నాకు కొంచెం పొగరెక్కింది. ఏది చేసినా బరువుగా, నిగనిగలాడుతూ, పువ్వులూ లతలతో ఉండాలి. పని తెలిసినవాడు చేశాడని చూడగానే తెలియాలి. ఆ పొగరు దిగిన సంగతే ఇది.

సునీత మేడం కాకినాడ ఆవిడ. ఇక్కడ ఒక క్లినిక్‌లో ఫిజియోథెరపిస్టు. విరిగి అతుక్కున్న చేతులకీ కాళ్లకీ మళ్లీ పని నేర్పించడం ఆమె ఉద్యోగం. సల్మానియాలో వాళ్ల ఫ్లాటులో వంటింటి అల్మారాలు నేనే బిగించాను. ఒకరోజు ఆమె ఫోన్ చేశారు.

"మల్లేశం గారూ, ఒక ట్రే చేసిపెట్టాలండి. మా పేషెంటు, జపాన్ ఆవిడ. వాళ్ల టీ కోసం."

"ట్రేకేమున్నది మేడం, దుకాణంల దొర్కుతయి గద."

"దొరికేవన్నీ తెచ్చి చూశామండి. ఆవిడ ముట్టుకోవట్లేదు."

విషయం మెల్లగా చెప్పారు. ఆవిడ పేరు హరుకో. అరవై దాటాయి. భర్త పోయాక కూతురి దగ్గర బుదైయాలో ఉంటున్నారు. ప్రతి మంగళవారం చుట్టుపక్కల విల్లాల ఆడవాళ్లను పిలిచి, తమ పద్ధతిలో టీ ఇచ్చేవారట. అరబ్బీ రాదు, ఇంగ్లిషు అంతంత మాత్రం. ఆ టీ కప్పులే ఆవిడకి ఇక్కడి స్నేహాలన్నీ తెచ్చిపెట్టాయి. ఒక మంగళవారం ట్రే పట్టుకుని వస్తూ జారి పడ్డారు. కుడి మణికట్టు విరిగింది, ట్రే చీలింది, కప్పులు పోయాయి. పిండికట్టు తీసేసి రెండు నెలలయింది. ఎముక అతుక్కుంది గానీ భయం పోలేదు.

"ఆ చెయ్యి వాడకపోతే బిగుసుకుపోతుందండి," అన్నారు సునీత మేడం. "ఇంకొన్నాళ్లు ఇలాగే ఉంటే నేను చేయగలిగింది కూడా పెద్దగా ఉండదు. రబ్బరు బంతి ఇచ్చి పిసకమంటే పక్కన పెట్టేస్తున్నారు. టీ ఇవ్వమంటే మాత్రం ఆ చెయ్యి కదుపుతారేమోనని నా ఆశ."

ఇంత పెద్ద కథ విన్నాక నేను ఊరుకుంటానా. మంచి బర్మా టేకు ముక్క చూసి, అంగుళం మందంతో మొదలుపెట్టాను. రెండు వైపులా ఇత్తడి పిడులు. నాలుగు మూలలా నాలుగు తామరపువ్వులు, మా వైపు సింహద్వారాల మీద చెక్కినట్టే రేకు రేకూ తేల్చి చెక్కాను. పైన ఆరు పొరల పీయూ పాలిష్. అది చెక్క మీద గాజు పొరలాగా గట్టిపడే పాలిష్, ముఖం చూసుకోవచ్చు. మా ఫోర్‌మన్ కూడా నిలబడి చూసి తల ఊపాడు.

శుక్రవారం సెలవు రోజున సునీత మేడంతో బుదైయా వెళ్లాను. హరుకో గారు సన్నగా, చిన్నగా ఉన్నారు. వంగి నమస్కారం చేసి ట్రేని రెండు చేతులతో అందుకోబోయారు. ఆవిడకి బరువు ఆగకపోతే కూతురు ఒక చెయ్యి వేసింది. ఆవిడ తామరపువ్వుని వేలితో మెల్లగా తడిమారు. ట్రేని ముక్కు దగ్గరికి తెచ్చుకున్నారు. తర్వాత "చాలా అందంగా ఉంది" అన్నారు ఇంగ్లిషులో, ఒకసారి కాదు, రెండుసార్లు. నేను మా పనివాళ్లం ఉండే క్యాంపుకు వచ్చి గదిలో అందరికీ ఫోన్‌లో ఫొటోలు చూపించాను.

రెండు వారాల తర్వాత సునీత మేడం ఫోన్.

"ట్రే ఎక్కడుందో తెలుసాండీ? వాళ్లాయన ఫొటో ముందు. రోజూ దానిమీద ఒక కప్పు టీ పెడుతున్నారు."

నేను పొంగిపోయాను. "ఫొటో ముంగట పెట్టిన్రంటే మస్తు నచ్చినట్టే గద మేడం."

"అది కాదండి. కూతురు చెప్పింది. వాళ్లలో తామరపువ్వు ఎక్కువగా పోయినవాళ్లకి దణ్ణం పెట్టుకునే సామాను మీద ఉంటుందట. బతికున్నవాళ్లకి దానిమీద టీ ఇవ్వడానికి ఆవిడకి చేతులు రావట్లేదు. పైగా బరువు. పాలిష్ వాసన టీకి పడుతోందట కూడాను."

"మరి అందంగున్నదన్నరు గద? రెండుసార్లన్నరు."

"మనం ఎవరితోనైనా 'సరే, చూద్దాంలెండి' అంటే ఏంటండి అర్థం? ఇదీ అదే."

నాకు చెవులు వేడెక్కాయి. కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. తీరిగ్గా ఆలోచిస్తే అసలు సంగతి తెలిసింది. నేను ఆవిడ కోసం ట్రే చేయలేదు. నా చేతిపని చూపించుకోవడానికి చేశాను. ఆవిడ టీ ఎలా పెడతారో, ట్రే ఎలా పట్టుకుంటారో ఒక్క మాటైనా అడగలేదు. అవతల ఆ మణికట్టు మాత్రం రోజురోజుకీ బిగుసుకుంటోంది.

తర్వాతి శుక్రవారం మళ్లీ వెళ్లాను. ఈసారి నా దగ్గర ఉన్నవి మూడు పల్చటి ప్లైవుడ్ ముక్కలు, ఒక పెన్సిలు, క్యాంపు నుంచి తెచ్చిన ప్లాస్టిక్ కప్పులు.

"తెల్వక చెక్కిన, తప్పయిందని చెప్పున్రి మేడం," అన్నాను.

హరుకో గారు విని చిన్నగా నవ్వి, కూతురితో ఏదో అన్నారు. సునీత మేడం తెలుగులో చెప్పారు: "మీ ట్రే వాళ్లాయనకి బాగా నచ్చిందట. ఆయనకి బరువైన వస్తువులంటే ఇష్టమట. ఈవిడకే మోయడం రాదట."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు, నవ్వాను. ప్లైవుడ్ ముక్క మీద కప్పులు పెట్టి నడిచి చూపించమని అడిగాను. ఆవిడ నవ్వు ఆగిపోయింది. మణికట్టు వైపు చూసుకుని ఎడమ చేత్తో పట్టుకున్నారు.

"పడితే ప్లైవుడ్డే పడ్తది మేడం. కప్పులు గూడ ప్లాస్టిక్‌వే. ఇరుగనియ్యి, నేనే ఊడుస్త."

సునీత మేడం ఆ మాట ఇంగ్లిషులో చెప్పగానే కూతురు ఫక్కున నవ్వింది. ఆవిడ లేచారు.

నేను నేల మీద కూర్చుని చూశాను. ఆవిడ పిడులు పట్టుకునే మనిషే కాదు. వేళ్లు అడుగున పెట్టి, బొటనవేళ్లు అంచు మీద ఆనించి, మోచేతులు పక్కటెముకలకు దగ్గరగా ఉంచుకుంటారు. వెడల్పు ముక్కకి చేతులు వణికాయి. ఆవిడ ఒళ్లంత వెడల్పే ఉన్న ఇరుకు ముక్కకి వణుకు తగ్గింది. అయినా కుడివైపు వేలెడంత కిందికి దిగుతోంది, నున్నటి చెక్క మీద కప్పులన్నీ అటే జారుతున్నాయి. ఆవిడ వేళ్ల చుట్టూ పెన్సిలుతో గీత గీసుకున్నాను.

రెండో ట్రేకి పాప్లర్ తీసుకున్నాను. రంగు వేసే ఫ్రేములకు వాడే తేలిక చెక్క అది. వాసన ఉండదు, పేరు చెప్పి గొప్పలు పోయేవాడూ ఉండడు. ఫోర్‌మన్‌ని అడిగితే "ఖలాస్ సామాన్ హై భాయ్, లే జావ్" అని, అయిపోయిన సామానే తీసుకుపొమ్మని మిగులు ముక్కల కుప్ప చూపించాడు. మొదటి ముక్కని మా రేకుల షెడ్డు వేడిలో తవ్వి ఏసీ గదిలో పెడితే వంగిపోయింది. రెండో ముక్కని పైపైన తవ్వి, సునీత మేడం ఫ్లాటులో పది రోజులు ఏసీ గాలికి అలవాటు చేసి, తర్వాత పూర్తిచేశాను. గౌజ్ అని గోరులాగా వంపు తిరిగిన ఉలి ఒకటుంది. మా నాయన దాంతోనే కొయ్య గరిటెలకు గుంట తవ్వేవాడు. గ్రెయిన్ వెంబడి, అంటే చెక్కలో నార పోయే దారిలో, ఆ ఉలితో చాలుకు పక్కన చాలు తవ్వుకుంటూ పోయాను. ఎప్పుడూ చేసేటట్టు చివర్లో సాండ్‌పేపర్ కొట్టలేదు. ఆ చాళ్లే కప్పుల్ని ఆపాలి. కుడివైపు అడుగున వేళ్లు దిగేందుకు కాస్త లోతు గుంట పెట్టాను. పాలిష్ లేదు. వాడేసిన తడి టీ ఆకుతో తానే రుద్దుకుంటానని హరుకో గారు చెప్పి పంపారు. పువ్వులూ లేవని వేరే చెప్పనక్కర్లేదు.

ట్రే పంపాక నెల తిరక్కుండా ఒక శుక్రవారం మమ్మల్ని టీకి పిలిచారు. వంటింటి నుంచి హాల్లోకి పన్నెండు అడుగులు. ఒక్కో అడుగూ లెక్కపెట్టాను. ఈసారి ప్లాస్టిక్ కప్పులు కావు, ఆవిడ కొత్తగా తెప్పించుకున్న పింగాణీవి. నాలుగో అడుగు దగ్గర కుడిచెయ్యి వణికింది. కప్పులు గలగలమన్నాయి గానీ చాళ్లలోంచి కదల్లేదు. ఆవిడ ఆగి, వాటిని చూసి, మళ్లీ నడిచారు.

టీ గురించి నిజం చెప్తాను. పాలూ చక్కెరా లేని ఆ పచ్చటి నీళ్లు నాకు ఉప్పు వెయ్యని ఆకుకూర ఉడికించిన నీళ్లలాగా అనిపించాయి. అయినా కప్పు రెండు చేతులతో పట్టుకుని చుక్క మిగల్చకుండా తాగాను.

ఆవిడ ఏమంటారోనని చూస్తున్నాను. అందంగా ఉందంటే మాత్రం నా పని అయిపోయినట్టే. ఆవిడ ఖాళీ ట్రేని ఒళ్లో పెట్టుకుని, కుడి బొటనవేలితో అంచు తడిమి, మొహం చిట్లించి కూతురితో ఏదో అన్నారు. కూతురు ఇంగ్లిషులో, సునీత మేడం తెలుగులో చెప్పేసరికి మాట నా దాకా వచ్చింది.

"ఇక్కడ గుచ్చుకుంటోందటండి."

నాకు ఎంత సంతోషమయిందో చెప్పలేను. వాడుకోని వస్తువుకి ఎవరూ వంక పెట్టరు. జేబులోంచి చాకు తీసి అంచు మీద ఒక పొర లేపాను. ఆవిడ బొటనవేలితో నొక్కి చూసి తల అడ్డంగా ఊపారు. ఇంకో పొర. మళ్లీ నొక్కారు, ఇంకా గట్టిగా. ఇంకొంచెం తియ్యమన్నారు. బంతి పిసకనన్న చెయ్యే అది. సునీత మేడం ట్రే వైపు చూడనేలేదు, ఆ బొటనవేలినే చూస్తూ కూర్చున్నారు. ఐదో పొర దగ్గర ఆవిడ సరేనన్నారు.

మంగళవారాలు మళ్లీ మొదలయ్యాయి. చెయ్యి పూర్తిగా మునుపటిలాగా రాలేదు గానీ, బిగుసుకుపోయే భయం తప్పిందని సునీత మేడం చెప్పారు. నేనిప్పుడు ఏ పని ఒప్పుకున్నా ముందు ఒక ప్లైవుడ్ ముక్క వాళ్ల చేతికిచ్చి, ఎలా పట్టుకుంటారో చూస్తాను. పని అప్పజెప్పాక చాలా బాగుందని ఊరుకుంటే వెంటనే కదలను, ఏదన్నా వంక పెడతారేమోనని కాసేపు అక్కడే నిలబడతాను.

ఆ మొదటి ట్రే ఇంకా హరుకో గారి భర్త ఫొటో ముందే ఉంది. దానికి ఇంతవరకు ఎవరూ వంక పెట్టలేదు.