పచ్చగా ఉన్న చేనుకు నీళ్ళు

కరోనా తగ్గిన రెండో ఏడు, ఖరీఫ్‌కు కాలువలు వదలబోయే ముందు నన్ను అవనిగడ్డ సబ్‌డివిజన్‌కు డీఈగా వేశారు. డీఈ అంటే డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు. పైన ఈఈ, కింద ఏఈలు, వాళ్ళ కింద కాలువ తలుపులు ఎత్తి దించే లస్కర్లు. నీటిపారుదల శాఖలో ఈ మధ్య మెట్టు మీద ఉన్నవాడికి పైనుంచి మెమోలు, కింది నుంచి తిట్లు వస్తుంటాయి. రిటైర్మెంటు దగ్గరపడింది కాబట్టి నాకు రెండూ బాగా అలవాటే.

ఆ ఏడాదే మా కాలువ మీద కొత్త పద్ధతి మొదలైంది. మా సబ్‌డివిజన్‌లో ఒక పెద్ద రెగ్యులేటరు ఉంది. కాలువకు అడ్డంగా తలుపులు బిగించిన వంతెన అనుకోండి. తలుపులు దించితే నీళ్ళు నిలబడి పై ఊళ్ళ పిల్లకాలువల్లోకి ఎక్కుతాయి, ఎత్తితే దివిసీమ శివారు ఊళ్ళకు దిగుతాయి. ఎంత ఎత్తాలో ఏఈ చెప్పడం, లస్కరు చక్రం తిప్పడం పాత పద్ధతి. ఇప్పుడు తలుపులకు మోటార్లు వచ్చాయి, కాలువలో నీటిమట్టం కొలిచే సెన్సార్లు వచ్చాయి. పొలాల ఫోటోలు ఉపగ్రహం నుంచి వస్తాయి. వాటన్నిటినీ మచిలీపట్నం కంట్రోల్ రూములో ఉన్న కృత్రిమ మేధ చూసుకుని, ఏ ఊరి పైరు ఎంత దాహంతో ఉందో లెక్కగట్టి, తలుపులు తానే కదిలిస్తుంది.

నిజం చెప్పాలంటే నాకు ప్రాణం హాయిగా అనిపించింది. సర్వీసంతా "మావాడి చేను కాస్త చూడండి" అనే ఫోన్లతోనే గడిచింది. ఇప్పుడు "సిస్టమ్ ఇవ్వట్లేదండీ" అంటే చాలు, అవతలివాళ్ళు ఫోన్ పెట్టేసేవారు. దానికి కులం లేదు, పార్టీ లేదు, బావమరిది లేడు. ఇప్పటికీ దాన్ని తీసిపారేసే మాట నా నోటి నుంచి రాదు.

తలుపులు వాటంతట అవే కదులుతుంటే లస్కర్లు దేనికని పోస్టులు రద్దు చేశారు. కాంట్రాక్టు మీద ఉన్న చివరి లస్కరు రహీమ్ బందరు వెళ్ళి టైర్ల దుకాణంలో చేరాడు. రెగ్యులేటరు పక్కన అతనుండే క్వార్టరుకు తాళం పడింది. అతనున్నప్పుడు నీళ్ళు రాని రైతు మొదట రహీమ్‌ని తిట్టి, అతనిచ్చిన టీ తాగి, ఆ తర్వాత మా ఆఫీసుకొచ్చేవాడు. మా దాకా వచ్చేసరికి సగం కోపం తగ్గి, అసలు సంగతి ఏమిటో రహీమ్ ద్వారా మాకు ముందే తెలిసి ఉండేది. రద్దు ఉత్తర్వులో ఈ పని ప్రస్తావన లేదు. అతని స్థానంలో ఒక టోల్‌ఫ్రీ నంబరు ఇచ్చారు.

ఆ ఏడు పైనుంచి వచ్చే నీళ్ళే తక్కువ. అక్టోబరులో వరి పొట్ట మీద, కంకి వేయబోతూ ఉండగా, కోడూరు అవతలి శివారు ఊరి నుంచి వెంకటేశ్వరమ్మ అనే కౌలు రైతు ఆఫీసుకొచ్చింది. సంచిలోంచి వరి దుబ్బు తీసి నా టేబుల్ మీద పెట్టింది. ఆకుల కొసలు తెల్లబడి ఉన్నాయి.

"కాలవలో చుక్క లేదండీ. ఫోన్ చేస్తే మీ చేలో నీటి ఎద్దడి లేదని మెసేజీ వచ్చింది. ఎవరండీ ఆ చెప్పినాయన? ఒక్కసారి నా గట్టు మీదికి రమ్మనండి" అంది.

ఆయన రాలేడు కనుక నేను వెళ్ళాను. ఆ సిస్టమ్ చూసే కంపెనీ ఇంజనీరు శిరీషను కూడా రమ్మన్నాను. పామర్రు అమ్మాయి, పని మీద శ్రద్ధ ఉన్న మనిషి. వెళ్ళి చూస్తే చేను పచ్చగానే ఉంది. నాకు ఒక్క క్షణం వెంకటేశ్వరమ్మ మీదే చిరాకు వేసింది. అప్పుడు వినిపించింది ఇంజను చప్పుడు. కాలువ ఎండేసరికి ఆవిడ మురుగు కాలువలో డీజిల్ ఇంజను పెట్టి చేనుకు తోడుతోంది. చుట్టుపక్కల అందరిదీ అదే పని. పైనుంచి మంచినీళ్ళు దిగకపోతే సముద్రపు పోటు నీళ్ళు ఆ మురుగు కాలువలోకి ఎగదన్నుతాయి. శిరీష మీటరు ముంచి చూసింది. నీళ్ళలో ఉప్పు, పైరు తట్టుకునే హద్దు దాటిపోయింది. ఆకుల కొసలు తెల్లబడింది అందుకే.

నాకంటే ముందే ఆ అమ్మాయికి అర్థమైంది. కాలువ ఎండింది కాబట్టి వీళ్ళు ఉప్పునీళ్ళు తోడారు. తోడారు కాబట్టి చేలు పచ్చగా ఉన్నాయి. పచ్చగా ఉన్నాయి కాబట్టి వీటికి నీళ్ళు అక్కర్లేదని సిస్టమ్ ఇంకాస్త తగ్గించింది. ఉపగ్రహం ఫోటోలో ఆకుపచ్చ కనిపిస్తుంది గానీ ఉప్పు కనిపించదు. ఇంకో వారం ఇలాగే సాగితే కంకులు గింజ పట్టక తాలు పోతాయి.

"ఇంజన్లు ఆపేస్తే నాలుగైదు రోజుల్లో ఎద్దడి కనబడుతుంది సార్. అప్పుడు సిస్టమే నీళ్ళిస్తుంది" అంది శిరీష, గొంతు తగ్గించి.

వెంకటేశ్వరమ్మ వినేసింది. "అంటే నా చేను చావడం మొదలెడితేగానీ నమ్మదా అండీ?"

శిరీష తల దించుకుంది. అంత సిగ్గు నాకు సర్వీసులో ఎప్పుడూ వేయలేదు.

డీఈ హోదాలో నాకు మాన్యువల్ అధికారం ఉంది. అంటే సిస్టమ్‌ని పక్కనపెట్టి నా పేరు మీద తలుపులు కదిలించవచ్చు. కాకపోతే శివారుకు వదిలితే పై ఊళ్ళకు తగ్గుతాయి, అక్కడా పైరు పొట్ట మీదే ఉంది. సిస్టమ్ తెర మీద ఆ హెచ్చరిక వచ్చింది, అదీ నిజమే. ఈఈ గారికి ఫోన్ చేశాను. "మీ విచక్షణ" అన్నారు. మా శాఖలో ఆ మాటకు, మంచి జరిగితే మనది, చెడు జరిగితే నీది అని అర్థం. తలుపులు ఎత్తించాను.

మర్నాడు పొద్దున్నే పై ఊళ్ళ రైతులు ఆఫీసు నిండా ఉన్నారు.

"నిన్నటిదాకా మిషను ఇచ్చిన నీళ్ళు ఇయ్యాళ ఆపిందెవరండీ?" అన్నాడు ముందున్న పెద్దాయన.

"నేనేనండీ" అన్నాను.

తర్వాత వాళ్ళు నన్ను తిట్టని తిట్టు లేదు. గుడివాడలో పుట్టినవాడికి దివిసీమ మీద అంత ప్రేమ ఎందుకని కూడా అడిగారు. వాళ్ళు అలిసిపోయాక కారణం చెప్పాను, తలుపులు ఏ రోజు దించుతానో చెప్పాను, దించకపోతే మళ్ళీ రమ్మన్నాను. చెప్పిన రోజున దించాను. అయినా పై ఊళ్ళలో కొన్ని మెరక చేలు దెబ్బతిన్నాయి. అది నా నిర్ణయం వల్ల జరిగిన నష్టమే. వెంకటేశ్వరమ్మకూ మొత్తం దక్కలేదు. మురుగు కాలువ పక్క మడులు తాలు పోయాయి, మిగతావి పండాయి. మరుసటి ఏడు కూడా ఆ చేను ఆవిడే చేసింది.

నాకు మెమో వచ్చింది, జవాబిచ్చాను. తప్పు లెక్కలో ఉందని శిరీష తన కంపెనీకి రాసింది. రాయకపోయినా ఆ అమ్మాయికి గడిచేది. మరుసటి ఖరీఫ్‌కు మురుగు కాలువల్లో ఉప్పు కొలిచే సెన్సార్లు పెట్టారు. ఇప్పుడు సిస్టమ్ నీళ్ళ లెక్క నాకంటే బాగా వేస్తుంది.

నేను రిటైరయ్యాను. పోయిన అక్టోబరులో వెంకటేశ్వరమ్మ ఫోన్ చేసింది. కాలువలో నీళ్ళు తగ్గాయట.

"నేనిప్పుడు ఉద్యోగంలో లేనమ్మా, ఆ నంబరుకు చెప్పండి" అన్నాను.

"చెప్పానండీ. ఈసారి లెక్క సరిగ్గానే ఉందంట, అందరికీ తక్కువేనంట. కాదనట్లేదు. ఆ మాట నా మొహం చూసి చెప్పే మనిషెవరండీ?"

కనుక్కుంటానని ఆఫీసుకు ఫోన్ చేశాను. నా తర్వాత ఆ పోస్టు భర్తీ చేయలేదట. సంతకాలకు మచిలీపట్నంలో ఒకరిని ఇన్‌ఛార్జిగా వేశారట.

ఈ ఉదంతం వల్ల నాకు తెలిసింది ఇంతే. నీళ్ళు పంచే లెక్క యంత్రానికి అప్పగించవచ్చు, అప్పగించాలి కూడా. నీళ్ళు రానివాళ్ళు వచ్చి నిలదీసే కుర్చీ మాత్రం ఖాళీగా ఉంచకూడదు. ఆ కుర్చీ ఇప్పుడు ఖాళీగా ఉందని ఆవిడకు చెప్పడానికి ఇంకా ఫోన్ చేయలేదు.