కీ షీటులో లేని జవాబు

అప్పట్లో నేను మొయినాబాద్‌లోని ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెప్పేదాన్ని. చేవెళ్ల నుంచి రోజూ బస్సులో నిలబడి రావడం, నిలబడి పాఠం చెప్పడం, మళ్లీ నిలబడే ఇంటికి పోవడం. నగరంలో అద్దాల మేడలు లేస్తున్నాయి, ఇంగ్లీషు వస్తే చాలు ఉద్యోగమట అని ఊళ్లన్నీ ఒకటే ఊగిపోతున్నాయి. ఆ ఊపంతా వచ్చి నా గొంతు మీద పడింది.

పరీక్షలో పది మార్కుల ప్రశ్న ఒకటి ఉండేది. ఇచ్చిన పేరాలో రచయిత భాషను ఎలా వాడాడో విశ్లేషించాలి. మా దగ్గర విశ్లేషణ అంటే బట్టీయే. ఏ రచయితకైనా అతికే జవాబు ఒకటి నేనే తయారుచేసి రాయించాను: చక్కని ఉపమానాలు వాడాడు, కళ్లముందు బొమ్మ కట్టించాడు, శైలి సరళంగా ఉంది. మధ్యలో 'ఇక్కడ రచయిత పేరు రాయాలి' అని చెప్తే, ముగ్గురు మహానుభావులు ఆ ముక్క కూడా జవాబులో దించేశారు. నవ్వే ఓపిక లేక వాళ్లకూ మార్కులు వేశాను. దిద్దేటప్పుడు పక్కన పెట్టుకునే కీ షీటులోని మాటలు కనబడితే వేయాలి, అంతే.

ఆ ఏడు ప్రీ-ఫైనల్‌లో ఇంగ్లీషుకు అరవై వచ్చినవాళ్లనే కంపెనీ ఇంటర్వ్యూకు పంపుతామన్నారు. కనకమామిడి నుంచి వచ్చే ఒకమ్మాయికి అది చావోరేవో. వాళ్ల పొలం ఫాంహౌస్ వాళ్లకు అమ్ముడుపోయింది. తల్లి అదే నేలలో ఇప్పుడు వాళ్ల గులాబీలకు నీళ్లు పెడుతోంది. ఈ ఉద్యోగం రాకపోతే తానూ అమ్మ వెంట పనికి పోవాల్సిందేనని నాతో చెప్పింది.

ఆ పరీక్షలో ఇచ్చిన పేరా, పొలం వదిలిపోతున్న ఒక రైతు గురించి. క్లాసంతా ఉపమానాలు చక్కగా ఉన్నాయని రాసింది. నిజానికి అందులో ఒక్క ఉపమానం కూడా లేదు. ఆ అమ్మాయి మాత్రం తన వచ్చీరాని ఇంగ్లీషులో వేరేగా రాసింది. ఈ రచయిత బాధ అనే మాట ఎక్కడా వాడలేదట. ఏ గట్టు మీద ఏ చెట్టుందో, బావి దగ్గర దారి ఎటు తిరుగుతుందో మాత్రం చెప్పాడట. మా నాన్న కూడా ఏడవడు, పోయిన చెట్ల పేర్లు ఒక్కొక్కటే చెప్తాడు, అని ముగించింది.

రెండుసార్లు చదివాను. కానీ పక్కన ఇంకా రెండు కట్టలున్నాయి, నడుము లాగేస్తోంది, కీ షీటులోని మాట ఒక్కటీ అందులో లేదు. రెండు మార్కులు వేసి పక్కన పెట్టాను. మొత్తం యాభై ఐదు దగ్గర ఆగింది.

మర్నాడు మార్కులు చూసుకుని ఆ అమ్మాయి స్టాఫ్ రూముకు వచ్చి నిలబడింది.

"నేను రాసింది తప్పా మేడం?"

"తప్పు కాదు బిడ్డా. గని గిట్ల రాస్తే మార్కులు పడయి. నేను రాయించిందే రాయి."

కొద్దిలో తప్పినవాళ్లకు మళ్లీ పరీక్ష పెట్టమని ప్రిన్సిపాల్ కాళ్లావేళ్లా పడ్డాను. వారం తిరక్కుండా పెట్టారు. ఈసారి ఆమె నేను రాయించింది కామా పొల్లుపోకుండా దించింది. తొమ్మిది వేశాను. తన మాట ఒక్కటైనా మిగిలిందేమోనని కాగితాలన్నీ తిరగేశాను. లేదు.

ఇంటర్వ్యూ జాబితాలో పేరు చూసుకుని పరుగున వచ్చింది. ఆమె ముఖం అంత వెలిగిపోవడం నేనెప్పుడూ చూడలేదు.

"ఇప్పుడు మంచిగ రాసిన గద మేడం?"

"చాలా మంచిగ రాసినవ్," అన్నాను. ఆ మాట అన్నందుకు నా మీద నాకు ఇప్పటికీ కోపమే.

పోతూ పోతూ గుమ్మం దగ్గర ఆగింది. "ఆ పాత పేపర్ చింపెయ్యుండ్రి మేడం. ఎవరన్న చూస్తే సిగ్గైతది."

నేను చింపలేదు. సొరుగులో అడుగున పెట్టి, అదే కీ షీటు ముందేసుకుని ఇంకో క్లాసు కట్ట దిద్దడం మొదలుపెట్టాను.