బయట బెంచీ మీద కూర్చోమంది బామ్మ

మా ఇంట్లో అయిదేళ్ళపాటు రాళ్ళలాంటి బిస్కెట్లు తిన్నాం. తప్పు నాదేనట. ఒక్క మధ్యాహ్నంలో తాతయ్య రిటైర్మెంటు టీనీ, బామ్మ పేరునీ, ఒక మంచివాడి పరువునీ కలిపి తగలబెట్టానని బంధువులు ఇప్పటికీ చెప్పుకుంటారు. సగం నిజమే. మిగిలిన సగం నన్నెవరూ అడగలేదు. అందుకే రాస్తున్నాను.

డెబ్బైల చివర మాది ఢిల్లీలో సర్కారీ క్వార్టరు. ఇళ్ళలో ఓవెన్లు ఎక్కడివి? పిండి, నెయ్యి, చక్కెర డబ్బాలో పెట్టుకుని మార్కెట్టు వెనక భట్టీకి తీసుకెళితే, అక్కడి ఉస్తాద్ కలిపి, కాల్చి, అదే డబ్బాలో నింపి ఇచ్చేవాడు. కాలనీ అంతా అలాగే చేయించుకునేది. కానీ మా బామ్మ డబ్బా మూత తీస్తే నాలుగు క్వార్టర్ల అవతలివాళ్ళకి కూడా మా క్షేమసమాచారాలు గుర్తొచ్చేవి. ఆ బిస్కెట్టు నమలక్కర్లేదు, నాలుక మీద పెడితే చాలు. ఉల్లిపాయ కూడా గడప దాటని ఇంట్లో, తాతయ్య సంధ్యావందనం కాగానే కాఫీతో నాలుగు తినేవారు. బామ్మ మాత్రం ఒక్కటీ ముట్టేది కాదు. "నాకు పళ్ళెక్కడివి?" అనేది. చేగోడీలు మాత్రం కరకరా నమిలేది. ఎంత త్యాగమో అనుకునేవాళ్ళం!

తాతయ్య రిటైరయ్యే ముందురోజు అది. మర్నాడు ఆఫీసు టీకి తన బిస్కెట్లే పంపుతానని బామ్మ మాటిచ్చేసింది. ఎప్పుడూ భట్టీకి తనే వెళ్ళేది. ఆరోజు మోకాలు వాచి, పదహారేళ్ళ నా చేతిలో డబ్బా పెట్టింది.

"ఉస్తాద్‌కి అంతా తెలుసు. నువ్వు లోపలికి వెళ్ళకు. నోరు మూసుకుని బయట బెంచీ మీద కూర్చో."

"నెయ్యి కొట్టేస్తే ఎవరు చూస్తారు? నాకు కళ్ళు లేవా?"

"కళ్ళున్నాయిరా. నోరు కూడా ఉంది. అదీ నా భయం."

చూశారా? ఇది అవమానం కాదా? ఆ మంటతోనే నేరుగా లోపలికి వెళ్ళి, భట్టీ పక్కన పోలీసులా నిలబడ్డాను. ఉస్తాద్ పిండిలో నెయ్యి పోశాడు. చక్కెర వేశాడు. తర్వాత చెయ్యి చాచి, టకటకా ఆరు గుడ్లు కొట్టాడు.

"అరే! యే క్యా కర్ రహే హో? ఇది మా డబ్బా!"

"మాతాజీ డబ్బానే, బేటా. నువ్వు బాహర్ బైఠో."

ఈయన కూడా బయటే కూర్చోమంటాడా! గుడ్డు పెంకులు రుజువుగా జేబులో వేసుకున్నాను. ఉస్తాద్ మోచెయ్యి పట్టుకున్నాను. దారి పొడవునా ఆయన చెబుతూనే ఉన్నాడు: "బేటా, మాతాజీతో ఒంటరిగా మాట్లాడు." నేను వింటేనా? మేం మా గేటు చేరేసరికి వెనక అయిదుగురు ఆంటీలు.

తాతయ్య వరండాలో పేపరు చదువుతున్నారు. చేతిలో పాత డబ్బాలోని బిస్కెట్టు, నోటికి జానెడు దూరంలో ఉంది. పెంకులు తీసి ఆయన పేపరు మీదే పరిచాను.

"బామ్మా! ఈయన మన పిండిలో గుడ్లు కొట్టాడు. నా కళ్ళారా చూశాను!"

బామ్మ గుమ్మం పట్టుకుని నిలబడింది. ఉస్తాద్ బామ్మని చూశాడు. బామ్మ నేలని చూసింది. తాతయ్య బిస్కెట్టుని చూశారు.

ఉస్తాద్ చేతులు జోడించాడు. "గల్తీ హో గయీ, మాతాజీ. వేరేవాళ్ళ డబ్బా అనుకున్నా."

"ఎంత పని చేశావయ్యా," అంది బామ్మ. ఆ గొంతులో కోపం లేదు. నాకు రావలసిన మెచ్చుకోలు కూడా లేదు.

మర్నాడు ఆఫీసులో గుడ్డు లేని బిస్కెట్లు పంచారు. టీలో ముంచితే టీ అయిపోయింది కానీ బిస్కెట్టు మెత్తబడలేదు. పెద్ద ఆఫీసరు దాన్ని పేపర్‌వెయిటులా ఫైలు మీద పెట్టి ప్రసంగం కానిచ్చారట. ఆ తర్వాత బామ్మ బతికినన్నాళ్ళూ అవే రాళ్ళు. "వీడు ఉస్తాద్‌ని తిట్టాక ఆయన చేతి గుణం పోయింది," అని ఇల్లంతా నన్ను ఆడిపోసుకుంది. బామ్మ వింటూ ఊరుకుంది. ఒక్కసారైనా నోరు విప్పిందా? లేదు!

ఆవిడ పోయిన ఏడాదికి, తాతయ్య అడిగారని, పిండి తీసుకుని భట్టీకి వెళ్ళాను.

"మాతాజీ బిస్కెట్లు కావాలి."

ఉస్తాద్ గడ్డం తెల్లబడింది. నన్ను తేరిపార చూసి అడిగాడు: "ఏవి? నీ ఝగడాకి ముందువా, తర్వాతవా?"

బుర్రలో దీపం వెలగడానికి నాకు ఆరేళ్ళు పట్టింది. ఇంటికొచ్చి తాతయ్య మీద ఎగిరాను. "బామ్మ పిండిలో గుడ్లు కొట్టించేదని మీకు తెలుసా?"

"మొదటి ముక్కకే తెలిసిందిరా."

"మరి అడగలేదే?"

"అడిగితే తినడం మానెయ్యాలి కదా. అందుకని అడగలేదు."

అదండీ న్యాయం! కడుపులో గుడ్లు దాచుకున్నవాళ్ళంతా పెద్దమనుషులు, నోరున్న నేనొక్కణ్ణీ దోషిని. దీని మీద బామ్మతో గట్టిగా పోట్లాడాలి. ఆ అవకాశం ఇవ్వకుండా వెళ్ళిపోయింది. అందుకూ నాకు కోపమే.

కాబట్టి ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను: ఎవరి పిండిలో ఏది పడినా ఇక తొంగిచూడను, బయట బెంచీ మీదే కూర్చుంటాను. ఆరోజు ఉస్తాద్‌కి క్షమాపణ చెప్పి, "ముందువే" అని, వెళ్ళి కూర్చున్నాను కూడా. ఆ బెంచీకి ఒక కాలు పొట్టి. బామ్మ ఆ సంగతీ చెప్పలేదు.