తోమిన గులాబీ అచ్చు

సువార్తమ్మ గొంతు గురించి మండపేటలో ఆవిడుండే పేటవాళ్ళనెవరినడిగినా చెబుతారు. ఆవిడ గుమ్మంలో నిలబడి కొడుకుని భోజనానికి పిలిస్తే కాలవ అవతలి వాళ్ళు కూడా కంచాలు పెట్టేసుకుంటారని ఒక వేళాకోళం. పాపం, అది పుట్టుకతో వచ్చిన గొంతు కాదు. ముప్ఫై రెండేళ్ళు రైసుమిల్లులో పనిచేసింది. ఉప్పుడు ధాన్యం కళ్ళంలో ఆరబొయ్యడం, కాళ్ళతో తిరగెయ్యడం, మబ్బు పడితే పరుగున కుప్ప చెయ్యడం. ఆ మరల హోరులో పక్కమనిషికి మాట వినపడాలంటే అరవాల్సిందే. బాయిలరు దగ్గర పనిచేసే భర్త, చిన్నవాడికి ఏడేళ్ళప్పుడు కామెర్లతో పోయాడు. ఇద్దరు మగపిల్లల్ని ఆ కళ్ళం మీదే పెంచి చదివించింది. మిల్లు మానేసి ఆరేళ్ళయినా గొంతు మాత్రం దిగలేదు.

గొంతు పెద్దదైతే ఎవరికీ నష్టం లేదు. చిక్కంతా నోటిదురుసుతోనే వచ్చింది. సువార్తమ్మ ఏదీ మనసులో దాచుకోదు, దాచుకోవాలన్నా చేతకాదు. ఎవరినైనా తిట్టిందా, ఐదు నిమిషాలకల్లా ఆ మనిషికే కూర వడ్డిస్తూ ఉంటుంది. తిట్లు తిన్నవాళ్ళకి ఐదు నిమిషాల్లో మర్చిపోవడం రాదు కదా! నాలుగేళ్ళ కిందట క్రిస్మస్ నాడు పదిమంది చుట్టాలు భోజనానికి కూర్చుని ఉండగా పెద్దకోడలు సారిక వండిన పలావు అడుగంటింది. "మీ పుట్టింట్లో పొగే తిని పెరిగారేంటే?" అంది సువార్తమ్మ. నవ్వులాటకే అంది. చుట్టాలు నవ్వారు కూడా. సారిక నవ్వలేదు. నెల తిరక్కుండా పెద్దకొడుకు చంద్రరావు కాకినాడలో ఇల్లు అద్దెకి తీసుకున్నాడు. అప్పట్నుంచి పండుగనాడు వస్తారు, చర్చికి వెళ్తారు, గంటసేపు కూర్చుంటారు, సరిగ్గా అన్నాల వేళకి లేస్తారు. "ఫ్రెండ్సు భోజనానికి పిలిచారండి అత్తయ్యగారూ" అంటుంది సారిక. సువార్తమ్మ డబ్బాలో అరిసెలు సర్ది ఇచ్చి, బండి సందు తిరిగేదాకా చూసి, లోపలికొచ్చి ఏడుస్తుంది.

చిన్నకొడుకు శాంతికుమార్ రాజమండ్రిలో ఒక డయాగ్నస్టిక్ సెంటర్లో ల్యాబ్ టెక్నీషియన్, రోజూ ఇంటినుంచే వెళ్ళొస్తాడు. అక్కడే రిసెప్షన్‌లో పనిచేసే ఉమాశ్రీని ఇష్టపడ్డాడు. కోనసీమలో అంబాజీపేట అవతల ఓ పల్లెటూరి బ్రాహ్మల అమ్మాయి. తండ్రి శ్రీరామమూర్తిగారు రిటైరైన మాస్టారు, తల్లి లలితాంబ. ఏప్రిల్లో రిజిస్ట్రారాఫీసులో పెళ్ళి జరిగితే పిల్లవైపు నుంచి ఒక్కరూ రాలేదు. ఆ పిల్ల ఆదివారం ఆదివారం తల్లికి ఫోన్ చేస్తుంది. అది మోగి మోగి ఆగిపోతుంది.

పెళ్ళయిన రోజు శాంతికుమార్ తల్లిని పెరట్లోకి తీసుకెళ్ళి ఒక్కటే మాట చెప్పాడు.

"అమ్మా, నీ నోరు జాగ్రత్త. వదినకైతే పుట్టిల్లుంది. దీనికి అలిగి వెళ్ళడానికి ఆ ఇల్లు కూడా లేదు."

ఆ మాట సువార్తమ్మకి గుండెలో గుచ్చుకుంది. రెండో కోడల్ని కూడా నోటితో పోగొట్టుకుంటే ఇక ఈ ఇంట్లో తానొక్కతే మిగులుతుంది. ఆ భయంతో మొదటివారం కోడల్ని "అమ్మాయిగారూ" అని కూడా పిలిచేసింది. మిల్లు ఓనరుగారి కూతుళ్ళని పిలిచిన అలవాటు మరి! కొడుకు కోప్పడితే "అమ్మా" లోకి దిగింది. అంతకన్నా కిందికి దిగలేదు. ఉమాశ్రీ కూరలో ఉప్పు మర్చిపోతే, "పర్లేదమ్మా, నాకు బీపీ, ఉప్పు తగ్గించమన్నారు" అంది. పాలు పొంగి పొయ్యంతా పారితే, "పర్లేదమ్మా, పొంగితే మంచిదే" అంది. శాంతికుమార్ తెల్లచొక్కాని ఎర్ర చున్నీతో కలిపి నానబెడితే, ఆ గులాబీరంగు చొక్కాని స్వయంగా ఆరేస్తూ, "పర్లేదమ్మా, వాడికి నప్పుతుంది" అంది. పేటంతా నోరెళ్ళబెట్టింది. సువార్తమ్మకి ఒంట్లో ఏదో తేడా చేసిందని ఎవరో చెబితే, పాస్టరుగారు వచ్చి స్వస్థత కోసం ప్రార్థన చేసి వెళ్ళారు.

కోడలు అడక్కుండానే ఆ పిల్ల కోసం కొత్త గిన్నెలు, కొత్త మూకుడు, వేరే గరిటెలు కొంది. చేపలు వండిన గిన్నెలో పప్పు వండిపెడితే ఎలా సయిస్తుందని ఆవిడ బెంగ. ఆ గిన్నెలు చూసిన రోజు ఉమాశ్రీ వాటినొకసారి ముట్టుకుని, అవతలికెళ్ళి కళ్ళు తుడుచుకుంది.

డిసెంబరు వచ్చింది. ఇంటిమీద కాగితం నక్షత్రం ఎక్కింది. సువార్తమ్మ ఇంట్లో పిండివంటలకి ఒక వరస ఉంది. ముందు అరిసెలు. కొత్తబియ్యం నానబోసి, తడిపిండి ఆడించి, బెల్లం పాకం పట్టి, నువ్వులద్ది వత్తాలి. తరవాత జంతికలు, ఆ తరవాత సున్నుండలు. అన్నిటికన్నా ఆఖరున గులాబీ పువ్వులు. పండుగనాడు పలావు, నాటుకోడి కూర, గారెలు ఎలాగూ ఉంటాయి. ఈ ఏడు వాటి పక్కన తాను ఆవపెట్టిన కందా బచ్చలి కూర చేస్తానని ఉమాశ్రీ ముందే చెప్పింది. పిండివంటలు నేర్చుకుంటానని నాలుగు రోజులు సెలవు కూడా పెట్టింది. ఆ పిల్ల తినాలని సువార్తమ్మ ఈసారి గులాబీ పువ్వుల పిండిలో గుడ్డు మానేసి, చిక్కటి కొబ్బరిపాలు పోసింది.

ఆ పువ్వులు చేసే ఇనపచ్చు సువార్తమ్మ అత్తగారిది. ఆవిడ మిషన్ బంగళాలో వంటమనిషిగా చేసే రోజుల్లో, దొరసాని తన దేశం వెళ్ళిపోతూ చేతిలో పెట్టి వెళ్ళింది. ఎనిమిది రేకుల పువ్వు, దానికో పొడుగాటి కాడ. అరవయ్యేళ్ళుగా నూనె తాగి తాగి నల్లగా నిగనిగలాడుతుంది. ఆ నలుపే దాని ప్రాణం. ఆ నలుపుంటేనే పిండి అంటుకోకుండా పువ్వు జారి నూనెలో పడుతుంది. అందుకే దానికి నీళ్ళు తగలనివ్వరు. పొడిగుడ్డతో తుడిచి, నూనె రాసి, కాగితంలో చుట్టి అటకమీద పెట్టడమే. క్రిస్మస్ వారంలో అది పేటలో ఎనిమిదిళ్ళు తిరుగుతుంది. మొదటి రోజు సువార్తమ్మది, రెండోరోజు పక్కింటి దీనమ్మది, ఆ తరవాత రోజుకి రెండిళ్ళు.

పండుగ ఇంకా ఐదు రోజులుందనగా, సువార్తమ్మ పిండి కలిపి, నూనె కాగబెట్టి, అచ్చు కోసం అటక వైపు చూసేసరికి ఉమాశ్రీ పెరట్లోంచి మొహం వెలిగిపోతూ వచ్చింది. చేతిలో ఏదో వెండి వస్తువులా తళతళలాడుతోంది.

"ఎక్కడిదమ్మా ఇది? కొత్తదా?"

"మనదేనండి అత్తయ్యగారూ! నల్లగా అట్టకట్టుకుపోయి ఉంది కదండీ. పాపం మీకు చేతుల నొప్పులు, తోమలేకపోయారనుకున్నా. మీరు నాకోసం అన్ని కొత్త గిన్నెలు కొన్నారు, నేనీ మాత్రం చెయ్యలేనా అని వేడినీళ్ళలో సోడా వేసి నానబెట్టానండి. స్టీలు పీచుతో రుద్దాను, తరవాత చింతపండు, ఉప్పు. గంటన్నర పట్టింది!"

ఓరి దేవుడా! సువార్తమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. అత్తగారి నాటి నలుపు, తన ముప్ఫై అయిదు క్రిస్మస్‌ల నలుపు, మొత్తం పెరటి తూములోంచి కొట్టుకుపోయింది. మిల్లునాటి మాటలన్నీ ఒక్కసారి గొంతులోకి ఎగదన్నుకొచ్చాయి. పళ్ళు బిగించింది.

"బాగుందమ్మా" అంది.

అని పెరట్లోకి వెళ్ళి, అరటిచెట్టుని రెండు చేతులా పట్టుకుని, పెదవి కదపకుండా ఆ చెట్టుని తిట్టినంతసేపు తిట్టి మళ్ళీ లోపలికొచ్చింది.

అచ్చుని నూనెలో కాచి, పిండిలో ముంచి, మళ్ళీ నూనెలో దింపింది. విదిలించింది. పువ్వు ఊడలేదు. అచ్చుని కరుచుకుని అక్కడే మాడింది. చీపురుపుల్లతో గీకితే ముక్కలై రాలింది. రెండోదీ అంతే, మూడోదీ అంతే.

"పిండి పల్చనైందేమోనండి" అంది ఉమాశ్రీ. అప్పటికే మొహంలో నవ్వు పోయింది.

సరిగ్గా అప్పుడే దీనమ్మ దిగింది. "వదినా, రేపు నా వంతు, పొద్దున్నే పంపుతావా" అంటూ వచ్చి, అచ్చుని చూసి బుగ్గలు నొక్కుకుంది.

"అయ్యయ్యో! తోమేసిందా? దీన్ని తోముతారా ఎవరైనా? ఇక పువ్వు ఊడినట్టే! అయినా మన వంటలు వాళ్ళకేం తెలుస్తాయిలే వదినా. నువ్వు చూసుకోవాలి గానీ."

ఉమాశ్రీ మొహం పాలిపోయింది. తాను చేసిందేమిటో ఆ పిల్లకి అప్పుడు తెలిసింది.

"నేనే తోమమన్నాను" అంది సువార్తమ్మ.

"నువ్వా!"

"ఆఁ, నేనే. ఎన్నేళ్ళ మడ్డో అది. కొత్తగా నూనె పట్టిస్తే మళ్ళీ అరవయ్యేళ్ళు వస్తుంది. రేపు కాదు, ఎల్లుండి పంపిస్తాను పో."

దీనమ్మ నమ్మలేదు. నమ్మలేదని మొహంతోనే చెప్పి వెళ్ళింది. సువార్తమ్మ పొయ్యి తగ్గించి, మాడిన ముక్కలు పళ్ళెంలోకి తీస్తూ, కోడలి వైపు చూడకుండా అలవాటైన మాటే అంది.

"పర్లేదమ్మా."

"పర్లేదనకండి అత్తయ్యగారూ!"

ఆ ఎనిమిది నెలల్లో ఉమాశ్రీ గొంతు పెంచడం అదే మొదలు.

"ఉప్పు మర్చిపోయినా పర్లేదు, చొక్కా పాడుచేసినా పర్లేదు. ఇంతపని చేశాను, ఇదీ పర్లేదాండీ? ఇంటికొచ్చిన చుట్టాన్ని కదండీ అలా పర్లేదు పర్లేదంటాం? మా అమ్మ నన్ను రోజుకి పదిసార్లు తిట్టేదండి. గిన్నె సరిగ్గా బోర్లించకపోయినా తిట్టేది. ఇప్పుడు ఫోనే ఎత్తదు. ఎనిమిది నెలలైందండి నన్నొకళ్ళు తిట్టి. మీరు ఊరందర్నీ తిడతారట కదా, నన్నెందుకు తిట్టరు? నేనీ ఇంటిమనిషిని కాదా?"

ఆ పిల్ల వెక్కుతోంది. సువార్తమ్మ చేతిలో చీపురుపుల్ల అలాగే ఉండిపోయింది. కొడుకు చెప్పిన మాట ఒకపక్క, సందు తిరిగే సారిక బండి ఒకపక్క. నోరు విప్పితే ఏమవుతుందో ఆవిడకి తెలుసు. విప్పకపోతే ఏమైందో ఇప్పుడే కళ్ళారా చూస్తోంది.

"అది కాదమ్మా..."

"అమ్మా అనకండి!"

"ఒసేయ్ ఉమా!" అంది సువార్తమ్మ. అంతే, కట్ట తెగింది. "నీ తెలివి తెల్లారినట్టే ఉందే! తోమాలో వద్దో తెలీకపోతే అడగడానికి నోరు లేదంటే నీకు? ఎనిమిదిళ్ళ పువ్వుల్ని తూములో పోశావు కదే, నీ ఇల్లు బంగారం గానూ! ఆ చొక్కా ఏంటే? ఆ గులాబీరంగు చొక్కా వేసుకుని నా కొడుకు బ్యాండుమేళం వాడిలా తిరుగుతున్నాడే! ఉప్పు లేని కూర నెలకి నాలుగుసార్లు మింగాను, ఆసుపత్రిలో కూడా అంతకన్నా రుచిగా పెడతారు! మీ..."

'మీ అమ్మ' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మాత్రం మింగేసింది. సారికని అన్నప్పుడు ఆ బుద్ధి లేకపోయింది. ఆవిడ ఉమాశ్రీ చెయ్యి పట్టుకుని వెలుగులోకి లాగింది.

"ఈ వేళ్ళు చూడు! తోలంతా లేచిపోయింది. చింతపండు, ఉప్పు వేసి రుద్దితే మండదంటే? మండుతుంటే ఆపాలని తెలీదంటే, మొద్దూ! కొబ్బరినూనె ఏదీ? కూర్చో ఇక్కడ!"

గోడ మీంచి దీనమ్మ తల పైకి లేచింది. "ఏంటి వదినా, ఏమైంది?"

"మా కోడల్ని నేను తిట్టుకుంటున్నాను, నీకేంటంట!"

తల కిందికి దిగిపోయింది. ఉమాశ్రీ పకాలున నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. సువార్తమ్మ ఆ వేళ్ళకి నూనె రాస్తూ తిడుతూనే ఉంది. తిట్లలో తిట్టుగా అచ్చుకి మళ్ళీ నూనె ఎలా పట్టించాలో కూడా చెప్పింది. తరవాత ఇద్దరూ పొయ్యి ముందు కూర్చున్నారు. అచ్చుని పొగ లేచేదాకా మంటమీద కాల్చడం, నూనెలో ముంచడం, గుడ్డతో తుడవడం, మళ్ళీ కాల్చడం. మధ్యాహ్నం మూడయ్యేసరికి ఇనుము తెలుపు తగ్గి గోధుమరంగుకి తిరిగింది. మొదటి పది పువ్వులూ ముక్కలే. పదకొండోది సగం ఊడింది. ఆ ముక్కలనే ఇద్దరూ కరకరలాడిస్తూ పనిచేశారు. కొబ్బరిపాల రుచి బాగా పట్టిందని ఉమాశ్రీ అంటే, పని మానేసి తిండి మీద పడ్డావని దానికీ ఒకటి పడింది.

పద్దెనిమిదోది ఉమాశ్రీ వేసింది. అచ్చుని మెల్లగా విదిలిస్తే పువ్వు ఎనిమిది రేకులతో జారి నూనెలో తేలింది. ఆ పిల్ల అది చూడలేదు. అత్తగారి వైపు తిరిగి, పిండి అంటిన చెయ్యి కావడంతో మోచేత్తో కళ్ళు తుడుచుకుంటూ అడిగింది.

"ఆపేశారేంటండీ? ఇంకా తిట్టండి."

సువార్తమ్మ తిడదామనే నోరు తెరిచింది. ఎనిమిది నెలలు దాచిన తిట్లలో ఒక్కటి కూడా మిగల్లేదు. ఎంత వెతుక్కున్నా ఒక్క మాటే దొరికింది, అదీ ఆ పేటలో ఎవరూ ఎన్నడూ వినని చిన్న గొంతుతో వచ్చింది.

"స్తోత్రం తండ్రీ."