గోటికింది దయ్యం

నా ఎడమచేతి ఉంగరం వేలి గోరు కింద ఆవగింజంత నీలం మచ్చ ఉండేది. దానికి చల్లనీళ్లు తగిలితే చాలు, ప్రాణం పోయేట్టు అరిచేదాన్ని. తెలకపల్లి పక్కన మా అత్తగారి ఊళ్లో ఆ అరుపును దయ్యమన్నారు.

మంత్రగాడొచ్చి చెంబుతో బావినీళ్లు నా చేతిమీద పోశాడు. కేక పెట్టాను. "సూసిండ్రా, నీళ్లు పడంగనే ఎట్ల మొత్తుకుంటుందో! గదే దయ్యం" అన్నాడు. ఇక ప్రతి అమావాస్యకూ అదే తంతు. నా మొగుడు జుట్టు పట్టుకునేవాడు, అత్త నీళ్లు పోసేది, మంత్రగాడు చింతబరికెతో వీపు చీరేవాడు. ఒకసారి ఆ మంత్రగాడి బొటనవేలు ఎముక తగిలేదాకా కొరికాను. అది తలుచుకుంటే నాకిప్పటికీ సంతోషమే. ఆరోజు వాళ్ల దెబ్బలకు నా పళ్లు కూడా ఊడాయనుకోండి.

చివరికి వచ్చే అమావాస్యకు నా వేలు నరకాలని తీర్మానించారు. ఆ సంగతి చెవిన పడి మా అన్న బండి కట్టుకొని వచ్చాడు. అడ్డం పడ్డ నా మొగుణ్ణి చర్నాకోలతో బాది, నన్ను వనపర్తి దవాఖానకు తీసుకుపోయాడు.

"ఎప్పుడు నొస్తదమ్మా?" అని అడిగాడు డాక్టరు.

"నీళ్లు తగిల్తె."

ఆయన గుండుసూది తలతో గోరుమీద అక్కడక్కడ ఒత్తాడు. ఏమీ కాలేదు. మచ్చమీద ఒత్తగానే కాలెత్తి ఆయన కడుపులో తన్నాను. బల్లమీది సీసాలు పగిలాయి. మా అన్న నామీద చెయ్యెత్తితే, డాక్టరు కడుపు పట్టుకునే ఆపాడు. తర్వాత నా జబ్బకు రబ్బరు పట్టీ బిగించి, చెయ్యి పాలిపోయాక మళ్లీ అక్కడే ఒత్తాడు. నొప్పి లేదు. నమ్మలేక ఇంకోసారి ఒత్తమన్నాను.

"దయ్యం గాదు బిడ్డా. గోరు కింద సన్న రక్తనాళాల గడ్డ. శానా అరుదుగ వస్తది. రక్తం ఆపితే నొప్పి ఆగింది, సూసినవ్ గదా? సల్లనీళ్లు తగిల్తె మొత్తుకునుడే దీని గుర్తు."

మత్తుసూది వేసి, గోరు లేపి గడ్డను తీసి చూపించాడు. జొన్నగింజంత కూడా లేదు. మా అన్న ఏడ్చాడు. నాకు మాత్రం కోపమొచ్చింది. దయ్యానికి రుజువని వాళ్లు పోసిన నీళ్లే నా రోగాన్ని చెబుతున్నాయి, ఒక్కరూ వినలేదు.

వేలు మానాక నా మొగుడు నన్ను తీసుకుపోవడానికి పుట్టింటికొచ్చాడు. కాళ్లు కడుక్కోవడానికి నీళ్లివ్వమంది అమ్మ. వాడి ఎదుటే ఎడమచెయ్యి మణికట్టుదాకా కుండలో ముంచి చెంబు నింపాను. అరుస్తానేమోనని వాడు నా మొహమే చూస్తున్నాడు. ఆ నీళ్లు వాడి మొహాన కొట్టి తలుపేసుకున్నాను.