ఎస్తేరు మేడమ్ దగ్గర షేర్ల చదువు

మొన్న విశాఖలో మా ఆఫీసుకు ఒకామె చేనేత చీరల మూట తెచ్చి విప్పింది. గంజి వాసన గదంతా పరుచుకుంది. తోటివాళ్లు రంగులు ఎంచుకుంటుంటే నాకు విజయనగరంలో బట్టల కొట్టు మీద ఉండిన చిన్న ఆఫీసు గుర్తొచ్చింది. మెట్లెక్కుతుంటే ఇదే వాసన వచ్చేది. పైన ఒక షేర్ బ్రోకర్ కంపెనీ బ్రాంచి, దానికి మేనేజరు ఎస్తేరు రాణి గారు. ఈరోజు కంపెనీలకు విలువ కట్టడం నా ఉద్యోగం. ఆ విద్య ఆవిడ బల్ల ఎదుట మొదలైంది.

ఎం.కాం. పూర్తికాగానే అక్కడ చేరి, బొబ్బిలి నుంచి రోజూ బస్సులో వెళ్లేదాన్ని. మా ఊళ్లలో సెల్‌ఫోన్లో షేర్ల ధర చూసుకోవడం ఇంకా అలవాటు కాని రోజులు. మేడమ్‌కు యాభై దాటాయి. ఆదివారం బాప్టిస్టు చర్చిలో పాడేవారు. ముంబయి వాళ్లతో ఇంగ్లీషు, మాతో మా యాస. మొదటిరోజు కిటికీలోంచి కింద నిలిచిన ఆటో చూపించి, "అది కొంటే ఎంతిస్తావు?" అన్నారు.

"షోరూం ధర కనుక్కుని, పాతది కాబట్టి కొంత తగ్గిస్తాను మేడమ్."

"నువ్వు కొనీది బండిని కాదే, అది ముందుముందు తెచ్చే డబ్బుని. రోజుకెంత మిగుల్తాది? ఇంకెన్నేళ్లు తిరుగుతాది? అదే డబ్బు బ్యాంకులో ఏస్తే ఎంతొస్తాది? ఇవి సూడకుండా ధరేటి సెప్తావు?"

ఆ వారమంతా ఆటోవాళ్లను అడిగి లెక్క కట్టాను. నేను తేల్చిన ఒక్క అంకె ఆవిడకు నచ్చలేదు. ఇంత నుంచి ఇంత దాకా అని చెప్పించారు. బాండ్లు కూడా ఆ ఆటోతోనే బోధపరిచారు. ఏం జరిగినా ఇంత కడతానని రాసిచ్చినవాడి మాట బాండు, మిగిలితే పంచుకుందామన్నవాడి మాట షేరు.

ఇంకో సరుకు ధర మీద ఆధారపడే ఒప్పందాలు, డెరివేటివ్‌లు మాత్రం మా నాన్న వల్ల అర్థమయ్యాయి. ఎరువుల కోసం టౌనుకొచ్చి ఒకసారి ఆఫీసుకు వచ్చారు. మామిడితోట ఎలా ఉందని మేడమ్ అడిగారు.

"పూత మీదే బేరం ఆడీసేనమ్మా. కొన్నోడు బయానా ఇచ్చీసేడు. గాలొచ్చి పూత రాలిపోతే బయానా ఒదులుకుని పోతాడు. కాయ నిలబడితే అనుకున్న ధరకి తీసుకుంతాడు."

మేడమ్ నా వైపు తిరిగారు. "ఇన్నావా? పుస్తకంలో ఆప్షనన్నది ఇదే. గాలి సంగతి ఎంత తెలీకపోతే బయానా అంత పెరగాల."

"అయితే నేను తక్కువకిచ్చీసేనేటమ్మా?" అని నాన్న నవ్వేశారు.

ఆ తరువాత సూరిబాబు గారి వ్యవహారం వచ్చింది. ఆయన నరసన్నపేట వ్యాపారి, మా పాత ఖాతాదారు. రైస్ మిల్లు అమ్మేసి, వచ్చిన డబ్బంతా ఒక నిర్మాణ కంపెనీ షేర్లలో పెడతానన్నారు. దాని విలువ కట్టే పని మేడమ్ నాకిచ్చారు. వార్షిక నివేదికలు తిరగేస్తే కాగితం మీద లాభం ఉంది, చేతికి నగదు రావడం లేదు, అప్పు పెరుగుతోంది. నా లెక్కలో అది మార్కెట్ ధరలో సగం కూడా చేయలేదు. మేడమ్ ఆ కాగితం ఆయన ముందు పెట్టి, "డబ్బు మీది బాబూ. నా మాటడిగితే వద్దంతాను" అన్నారు.

"ఈ పిల్ల లెక్కలు సూసి నన్ను ఆగమంతారేటి? మీ కాడ కాకపోతే పక్కోడి కాడ కొంతాను," అని ఆయన లేచిపోయారు.

ఆ షేరు ఏడాది పొడుగునా పెరిగింది. ఆయన వెనకే మరికొందరు ఖాతాలు మార్చుకున్నారు. ఒక మధ్యాహ్నం నేను పాత లెక్క తీసి, కంపెనీ ఎదుగుదల రేటు కాస్త పెంచి చూస్తుంటే మేడమ్ వచ్చి వెనక నిలబడ్డారు.

"కంపెనీలో ఏటి మారింది?"

"ఏమీ లేదు మేడమ్. ధర మారింది."

"అయితే ఒదిలీ. మన లెక్క తప్పయితే తప్పని రాద్దుము. ధర సూసి దిద్దితే అది లెక్క కాదు, భజన."

ఆదాయం తగ్గిందని పైవాళ్లు బ్రాంచి మూసేశారు. మేడమ్ విశాఖలో తెలిసినవాళ్లకు ఫోన్ చేసి నాకు ఉద్యోగం చూపించి, తాను శ్రీకాకుళంలో ఒక కాలేజీలో కామర్స్ చెప్పడానికి వెళ్లిపోయారు. నా లెక్క వల్లే ఖాతాలు పోయాయని నన్నెప్పుడూ తప్పుపట్టలేదు.

మరికొంత కాలానికి ఆ కంపెనీ అప్పులు కట్టలేక చేతులెత్తేసింది. షేరు కుప్పకూలిన రోజు మేడమ్‌కు ఫోన్ చేశాను.

"మన లెక్కే నిజమైంది మేడమ్."

"సూరిబాబు గారి కాడ అవింకా ఉన్నాయేటి?"

"తెలీదు."

"ముందది కనుక్కో."

కనుక్కున్నాను. ఆయన ఎప్పుడో మంచి లాభానికి అమ్మేసి, ఆ డబ్బుతో ఇంకో మిల్లు కొనుక్కున్నారు. ఆ సంగతి చెబితే మేడమ్ పెద్ద నిట్టూర్పు విడిచి, "పోన్లే, మంచిదయ్యింది" అన్నారు. తరువాత మా అమ్మ ఆరోగ్యం అడిగారు. మా లెక్క నిజమైందన్న మాట ఆరోజు గానీ, ఆ తరువాత గానీ ఎత్తలేదు.

ఆవిడ పోయి కొన్నేళ్లయింది. ఈలోగా చాలా షేర్లు పడడం చూశాను. కొన్నిటి విషయంలో నా అంచనా నిలిచింది, కొన్నిటి విషయంలో నిలవలేదు. ఏది పడినా, నా అంకె తీసి చూసుకోకముందే, తెలిసినవాళ్లలో అది ఎవరెవరి దగ్గర ఉందో గుర్తుచేసుకుని వాళ్లకు ఫోన్ చేస్తాను.